అమ్మ మెడకు తువ్వాలు చుట్టనివ్వకు

నాన్నా, నువ్వు మరిచిపోయిన ఫోను కిందే ఈ చీటీ పెడుతున్నాను. డ్యూటీ నుంచి రాగానే ఆసుపత్రికి రా. ఇంకో దిండు తీసుకురా, తల ఎత్తుగా పెట్టాలట. కంగారు పడకు, అమ్మ బాగుంది!

చూడ్డానికొచ్చేవాళ్లకు నిన్నటి థైరాయిడ్ ఆపరేషన్ కట్టు కనబడకూడదని అమ్మ పొద్దున మెడకు తువ్వాలు చుట్టుకుంది. కాసేపటికి "బిగుసుకుపోతోందే" అంది బొంగురు గొంతుతో. తువ్వాలు తీసి చూస్తే మెడంతా ఉబ్బి ఉంది. అత్తేమో "ఆపరేషనన్నాక వాపుండదూ? ఊరికే నర్సమ్మను విసిగించకు" అంది. నేను వరండాలోకి పరుగెత్తి గట్టిగా కేకలేశాను. నేనే, నాన్నా! డాక్టరుగారు మంచం మీదే కుట్లు విప్పి, గడ్డకట్టిన రక్తం తీసేశారు. తర్వాత లోపలికి తీసుకెళ్లి, రక్తం కారుతున్న నరం కట్టేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరాడేది కాదట.

నువ్వు దగ్గరున్నప్పుడు మెడ చూస్తూ ఉండు. ఉబ్బినా, గొంతు మారినా, ఆయాసమొచ్చినా వెంటనే నర్సును పిలువు, మొహమాటపడకు. నాకు నోట్లో నాలుక లేదని ఇకమీదట ఎవరి దగ్గరా అనకు.

ఇంకోటి. నేను బయల్దేరేముందు "పొద్దున ఆ కేకలేసిందెవరే?" అని అమ్మ అడిగింది. నీ కూతురేనని అత్త చెప్పింది. "మా పిల్లా? చాల్లే వదినా!" అంది అమ్మ, బొంగురు లేకుండా, ఎప్పటి తన గొంతుతోనే.