మీటరు పొడవు తీగలు

శుక్రవారం, రాత్రి

ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు కంట్రోల్ బోర్డు చిప్‌లోకి ప్రోగ్రాం ఇవాళ ఎక్కింది. అది పనిచేయక, ఐస్ లేక మూడు రోజులుగా బోట్లు కదల్లేదు.

నేనూ, నాతో పనిచేసే కరీమూ సొంతంగా చేసుకున్న ప్రోగ్రామర్, అంటే చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే పరికరం, మొండికేసింది. ఎక్కించాక సరిచూస్తే ప్రతిసారీ కొత్తచోట తప్పు చూపేది. డిజైన్ నాది, సోల్డరింగ్ కరీంది. నిన్న ప్లాంటు వాళ్ల ముందే, సోల్డరింగ్ సరిగా లేదని అతన్ని అనేశాను. కరీం దాన్ని ఇంటికి తీసుకెళ్లి, పొద్దున్నే అతుకులన్నీ మళ్లీ వేసి తెచ్చాడు. అయినా తప్పులు పోలేదు.

సాయంత్రం ఒక్కణ్ణే కూర్చున్నాను. చిప్ దాకా అందాలని నేను వేసిన మీటరు పొడవు తీగలు తీసేసి, ప్రోగ్రామర్‌ని బోర్డు పక్కనే పెట్టి జానెడు తీగలు వేశాను. మొదటిసారికే తప్పు లేకుండా ఎక్కింది. అంత పొడవు తీగల్లో సిగ్నల్ దారిలోనే చెడిపోతోందన్నమాట.

కాసేపటికి కరీం ఫోన్ చేశాడు.

"ఏటి బావ, అయిందా?"

"అయింది."

"తప్పెక్కడుంది?"

"ఏదో లూజ్ కాంటాక్ట్."



"అయితే నా సోల్డరింగే అయ్యుంటాది. ఏటీ అనుకోకు బావ."

తీగల సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. "పర్లేదులే" అన్నాను. నా తప్పుకి అతన్ని క్షమించి ఫోన్ పెట్టేశాను.