తిరుగు విమానం ఎక్కడ ఆగుతుంది?

కాజీపేట

సుమయ్యా బేటీకి అబ్బాజాన్ దువాలు.

ఫోన్లో అడిగితే మీ అమ్మీ వింటుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

అల్లుడు అమ్మీకి తీసిన టికెట్లు నాకు అర్థం కావడం లేదు. హైదరాబాదులో పదింటికి ఎక్కితే, మీ దోహాలో పదకొండూ నలభైకే దిగుతుందట. తిరిగి వచ్చేటప్పుడు పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే, మధ్యాహ్నం రెండూ ఇరవైకి గానీ చేరదట. దూరం మాత్రం రెండు వైపులా ఒకటే! ముప్ఫై ఏళ్లు రైల్వే గార్డుగా చేసినవాణ్ణి. గంటా నలభై నిమిషాల దారికి ఆరు గంటలు పట్టిందంటే బండి ఎక్కడో ఆగినట్టే.

సుబేదారిలో టికెట్ల దుకాణం అతను, "ఆడ గడియారం వేరు చాచా, జర ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. వేరైతే పోయేటప్పుడు కూడా వేరే కదా?

విమానం ఎక్కడ ఆగుతుందో కనుక్కో. అమ్మీ ఒక్కతే వస్తుంది. హైదరాబాదు దాకా ఎక్కడా దిగొద్దని నువ్వే చెప్పు. నేను చెబితే, "నేనెందుకు దిగుత? పిచ్చిదాన్నా?" అంటోంది. రామగుండంలో నీళ్ల కోసం దిగి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిన రోజు, ఎక్కేముందు ఇదే మాట అన్నది.

ఆ బండికి పచ్చజెండా ఊపింది నేనే, బేటీ.