అమ్మాకూతుళ్ళ ఆదివారం

మస్కట్

అన్నయ్యకి,

చెల్లెలు పద్మ నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, హాసిని కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలి నొప్పి తగ్గిందనీ అనుకుంటూ ఇది మొదలుపెడుతున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ కాగితం మీద రాయడమేంటి అనుకుంటావేమో. మనింట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కదా. వాయిస్ మెసేజ్ పెడితే నీకంటే ముందు హాసిని వింటుంది, దానికంటే ముందు వదిన వింటుంది. ఇది మాత్రం ముందు నువ్వొక్కడివే చదవాలి. నాతోపాటు షాపులో కుట్టే సుజాత గారిది చల్లపల్లి. సెలవు మీద వస్తున్నారు. నాగాయలంక దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నారు. ఆవిణ్ణి కాఫీ తాగకుండా పంపొద్దు.

నా గురించి బెంగపడకండి. తిండికి లోటు లేదు. గదిలో నలుగురం ఉంటున్నాం, వంతులేసుకుని వండుకుంటాం. ఎండలు మాత్రం చెప్పలేను. బందరు వెళ్తే ఉక్కపోత అని విసుక్కునేదాన్ని, ఇక్కడ సముద్రం పక్కనే ఉన్నా గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి షాపు మూసి మళ్ళీ నాలుగింటికి తీస్తారు. అందరూ ఆ మూడు గంటలూ పడుకుంటారు. నేను ఫోన్ చూసుకుంటాను. ఏం చూస్తానో నీకు తెలుసు.

నువ్వు తెల్లారేసరికి రొయ్యల చెరువు మీదకి వెళ్ళిపోతావు కాబట్టి వదిన యూట్యూబ్ ఛానెల్ సంగతులు నీకు అంతగా తెలియవు. నాకు తెలుసు. ఒక్క వీడియో వదల్లేదు. బొమ్మిడాయిల పులుసు, చింతచిగురు రొయ్యలు, కొబ్బరి లౌజు, అన్నీ చూశాను. అవన్నీ నాకు వచ్చిన వంటలే. వదిన వంట చేస్తుంటే పక్కన పీట మీద హాసిని కూర్చుని చింతచిగురు ఏరుతుంది, ఉప్పు డబ్బా అందిస్తుంది, మధ్యలో ఏదో అంటుంది, ఇద్దరూ నవ్వుతారు. నేను వంట చూడను అన్నయ్యా, పీట వైపు చూస్తాను.

ఒక్క మాట అడుగుతాను. ఇదెక్కడి న్యాయం చెప్పు. నేను వీడియో కాల్ చేస్తే హాసిని, నా కన్నకూతురు, గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. నవ్వబోతుంటే ఆగిపోతుంది. మాట ఒకసారి, పెదాలు ఒకసారి కదులుతాయి. మీరక్కడ వాడే యాప్‌లో ఇక్కడ కాల్ కలవదు, పనిచేసే యాప్ వేరే వేసుకోవాలి, అది రెండు రోజులకోసారి అప్‌డేట్ అడుగుతుంది. అదే ఛానెల్‌లో అయితే దాని ముక్కు మీద చెమట చుక్క కూడా కనిపిస్తుంది. ఊరూ పేరూ తెలియని వాళ్ళందరికీ నా బిడ్డ అంత తేటగా కనిపించి, నాకేమో ముక్కలు ముక్కలుగా కనిపించాలా? ఆ కామెంట్లు పెట్టేవాళ్ళని చూసినా కుళ్ళుగానే ఉంటుంది. వదిన ఫోన్‌ని చూసినా కుళ్ళే. అది రోజంతా దాని పక్కనే ఉంటుంది కదా.

సరే, అసలు సంగతికి వస్తాను.

మొన్న దసరాకి హాసినికి గౌను కుట్టి పంపాను గుర్తుందా, మామిడిపండు రంగు పట్టుది, భుజాల దగ్గర కుచ్చులు పెట్టి. పోయిన నెల మా షాపుకి ఒకావిడ వచ్చింది. ఉయ్యూరు వాళ్ళట. భర్త ఇక్కడ ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. మంచి మనిషే, మర్యాదగా మాట్లాడుతుంది. నేను తెలుగు మాట్లాడేసరికి సంతోషపడి నా మిషను దగ్గరే కూర్చుంది. "మా పాపకి అచ్చం ఇలాంటిదే కుట్టాలండీ" అని ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

వదిన వీడియో. మన పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర హాసిని, ఆ గౌనులో.

"ఈ తల్లీకూతుళ్ళంటే మా ఇంట్లో అందరికీ ఇష్టమండీ. ఆదివారం వచ్చిందంటే మా పాప వీళ్ళ వీడియో చూడందే అన్నం తినదు. ఈ గౌను ఎక్కడ కొన్నారని నేను కామెంట్ కూడా పెట్టాను. ఆవిడ లవ్ గుర్తు పెట్టి ఊరుకుంది. వాళ్ళమ్మే కుట్టి ఉంటుంది" అంది.

"వాళ్ళమ్మే కుట్టిందండీ. నేనే" అన్నాను.

"అంటే, ఇలాంటిది ఇదివరకు కుట్టారా?"

"ఇలాంటిది కాదండీ, ఇదే. ఆ పాప నా కూతురు."

ఆవిడ నా మొహం వైపు చూసి, ఫోన్ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. తెర మీద వదినని వేలితో చూపించింది. "మరి ఈవిడ?"

"మా వదిన. మా అన్నయ్య భార్య."

"అయ్యో, అలాగా. నేను తల్లే అనుకున్నానండీ. పోలికలు కూడా ఉన్నట్టు అనిపించాయి" అంది. తప్పు మాట అన్నానని అప్పటికి ఆవిడకే అర్థమైంది. కొలతలు ఇచ్చి గబగబా వెళ్ళిపోయింది.

పోలికలు ఎక్కడి నుంచి వస్తాయి అన్నయ్యా? హాసినిలో వదిన రక్తం ఒక్క చుక్కయినా లేదు కదా. మిషను ముందు కూర్చున్నాను గానీ దారం ఎక్కించలేకపోయాను. సుజాత గారు వచ్చి ఎక్కించారు.

ఆ మధ్యాహ్నం గదికి వెళ్ళి ఆ వీడియో తెరిచాను. నేను ఎప్పుడూ బొమ్మే చూస్తాను గానీ కింద ఏం రాసుందో చూసేదాన్ని కాదు. పేరు చూశాను. "అమ్మాకూతుళ్ళ ఆదివారం". దాని ముందుదీ అదే పేరు. దాని ముందుదీ అదే. కామెంట్లలో "తల్లికి తగ్గ కూతురు" అని ఒకరు, "అమ్మ పోలికే" అని ఒకరు, "నా దిష్టే తగిలేలా ఉంది" అని ఒకరు. ఒకడు "పాప ఏ స్కూలు?" అని అడిగాడు. దాని కింద ఇంకొకడు, యూనిఫాం మీద పేరు చదివి, స్కూలు పేరు రాశాడు కూడా.

అప్పుడే వదినకి ఫోన్ చేశాను. నువ్వు చెరువు మీద ఉన్నావు.

"వదినా, హాసిని వీడియోలన్నీ తీసేయండి" అన్నాను.

"ఏమైంది పద్మా?"

"పిల్లల మొహాలు అలా లోకం మీద పడేయకూడదు. స్కూలు పేరు కూడా ఎవడో రాశాడు, చూశారా? రేపు ఎవడైనా వస్తే?"

"నేను చూడలేదు. ఆ కామెంట్ ఇప్పుడే తీసేస్తాను. యూనిఫాంతో ఇక తియ్యను."

"కామెంట్ కాదు, అన్నీ తీసేయండి. అయినా అమ్మాకూతుళ్ళు అని పేరెందుకు పెట్టారు?"

వదిన మెల్లగా చెప్పింది. "మొదట్లో అత్తా మేనకోడలు అనే పెట్టాను పద్మా. పది మంది కూడా చూడలేదు. ఒకసారి ఇలా పెట్టి చూద్దామని పెడితే అందరికీ వెళ్ళింది. ఎవరికి చూపించాలో ఆ యూట్యూబ్ వాళ్ళ మిషనే చూసుకుంటుందంట. దానికి అమ్మ అంటే తెలుస్తుంది, అత్త అంటే తెలియదు."

నిజమే అన్నయ్యా. ఈ ఇంటర్నెట్‌కి వరసలు తెలియవు. మేనత్తెవరో, మేనమామెవరో, ఎవరి బిడ్డ ఎవరి ఒళ్ళో పెరుగుతోందో దానికేం పట్టింది? ఎక్కువమంది వేలు పెట్టి నొక్కిందే దానికి నిజం. కానీ వదినకి వరస తెలుసు కదా. నేనదే అన్నాను. "దానికి తెలియకపోతే మీకు తెలియదా?" అన్నాను. ఆ మాట నేను మామూలుగా అనలేదు, నా గొంతులో కరుకుదనం నాకే వినిపించింది.

వదిన "సరే పద్మా" అంది. అంతే. ఫోన్ పెట్టేసింది.

స్కూలు పేరు సంగతి అబద్ధం కాదు. దాని గురించి నువ్వు కూడా కాస్త గట్టిగా ఉండాలి. కానీ నీ దగ్గర దాపరికం ఎందుకు, నేను ఫోన్ చేసింది దాని కోసం కాదు. ఆ ఉయ్యూరు ఆవిడ మా షాపులో అన్న ఆ ఒక్క మాట కోసం.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పట్లాగే ఫోన్ తీశాను. ఏమీ లేవు. "ఈ వీడియో అందుబాటులో లేదు" అని నల్లటి తెర. ఇంకోటి నొక్కాను, అదీ అంతే. వదిన ఒక్కటి కూడా ఉంచకుండా తీసేసింది. నేను అడిగిందే కదా, ఎవర్ని అనగలను? హాసిని సైకిల్ నేర్చుకుంటూ పడిపోయింది, జ్వరం తగ్గి మొదటిసారి చారన్నం తిన్నది, కృష్ణ ఒడ్డున పడవెక్కి భయపడింది, అన్నీ పోయాయి. నేను లేనప్పుడు అది పెరిగిందంతా ఆ తెర మీదే చూశాను. నా ఫోన్లో దాచుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఎప్పుడు నొక్కినా వస్తుంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది గానీ ఏదీ మన దగ్గర ఉండదని అప్పుడు తెలిసింది.

ఆవకాయ వీడియో ఒక్కటి మిగిలింది. అందులో వదిన చేతులే కనిపిస్తాయి, అందుకని ఉంచినట్టుంది. పది సార్లు చూశాను. మధ్యలో ఎక్కడో వెనక నుంచి హాసిని గొంతు, "అత్తా, ఇంకా కారం వేస్తావా?" అని.

అత్తా అని అంది అన్నయ్యా. అది ఎప్పుడూ అత్తా అనే అనేది. అన్ని వీడియోల్లోనూ అనే ఉంటుంది, ఇన్నాళ్ళూ విన్నదాన్నే కదా నేను. బయటివాళ్ళు రాసింది చదివిన రోజు నుంచి నా చెవులు మూసుకుపోయాయి.

ఆ వారమంతా నేను కాల్ చేస్తే వదిన తెర మీదకి రాలేదు. గాజుల చెయ్యి ఒకటి వచ్చి హాసినికి ఫోన్ ఇచ్చి పక్కకి వెళ్ళిపోయేది. నువ్వేమో "మీ వదిన ఏమీ అనలేదమ్మా, వంటలో ఉంది" అన్నావు. ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. అప్పుడు హాసిని అడిగింది, "అమ్మా, నేను వీడియోలో సరిగ్గా మాట్లాడలేదా? అందుకే తీసేయమన్నావా?" అని. నేను కాదమ్మా అనేలోపు తెర ఆగిపోయింది. దాని మొహం అలాగే నిలబడిపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. మళ్ళీ కలిపేసరికి అది స్కూలుకి వెళ్ళిపోయింది. నువ్వు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు నీది కాదని ఒకసారి చెప్పు. నేను చెబితే మధ్యలో తెగిపోతుందేమోనని భయం.

ఆ ఉయ్యూరు ఆవిడ వాళ్ళ పాపకి గౌను కుట్టి ఇచ్చాను. బాగా వచ్చింది. కొంచెం బాగా రాకపోతే బాగుండు అనుకున్నాను, చేతులు వినలేదు.

నిన్న వదిన నంబరు నుంచి ఒక వీడియో వచ్చింది. మాట లేదు, రాత లేదు, వీడియో ఒక్కటే. పెరట్లో బోరింగు దగ్గర హాసిని. తలంటు పోసినట్టుంది, జుట్టు విప్పుకుని ఉంది. వెనక నుంచి వదిన "మీ అమ్మకి చూపించు" అంది. అది నోరు తెరిచి చూపించింది. ముందు పన్ను ఊడిపోయింది. ఇంకేదో అనబోయి ఆపుకోలేక నవ్వేసింది, వదిన కూడా నవ్వింది, ఫోన్ అటూ ఇటూ ఊగింది, అయిపోయింది.

మీ అమ్మకి అంది వదిన. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పను. వెంటనే నా ఫోన్లో దాచుకున్నాను. కానీ అన్నయ్యా, నాకు కుళ్ళు పోయిందనుకోకు. ఎందుకు నవ్వారో నాకు తెలియదు. ఆ నవ్వు వాళ్ళిద్దరిదే. ఇంకొకటి కూడా చూశాను. హాసిని కళ్ళు నా వైపు లేవు. కెమెరాకి కొంచెం పైకి ఉన్నాయి. వదిన మొహం వైపు. అంత నమ్మకంగా, అంత చనువుగా చూస్తోంది. చూసి కాసేపు ఏడ్చాను. తర్వాత అనుకున్నాను, అలా చూడ్డానికి దానికి ఒక మొహం ఉంది కదా అని. లేకపోతే నేను ఇక్కడ ఇన్ని గౌన్లు కుట్టగలిగేదాన్నా?

కాబట్టి వదినకి నా మాటగా చెప్పు. నా మీద మనసులో ఏమీ పెట్టుకోవద్దను. ఛానెల్ మళ్ళీ మొదలుపెట్టమను. యూనిఫాం వద్దు, ఇంటి గుమ్మం, వీధి కనిపించేలా వద్దు. హాసినికి ఇష్టం లేని రోజు అస్సలు వద్దు. పేరు మాత్రం అత్తా మేనకోడలు అనే పెట్టమను. ఎవరూ చూడకపోతే పోనీ, నేను చూస్తాను.

సుజాత గారు తిరిగి వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు కొంచెం, వదిన పెట్టిన మాగాయ ఒక సీసా ఇచ్చి పంపండి. హాసిని భుజం కొలత, ఎత్తు కొత్తవి కావాలి, పాతవి ఇక సరిపోవు. పక్కింటి పెద్దమ్మ గారికి, చెరువు దగ్గర బాబాయి గారికి నా నమస్కారాలు చెప్పు. నీ మోకాలికి ఆయింట్‌మెంట్ పంపుతున్నాను, పొద్దునా రాత్రీ రాసుకో. నా ఆరోగ్యం బాగుంది, మళ్ళీ చెబుతున్నాను, బెంగ వద్దు. నువ్వూ వదినా చల్లగా ఉండండి, నన్నూ నా బిడ్డనీ ఆశీర్వదించండి.

ఇంకొక్కటి. ఈ ఆదివారం చెరువుకి కాస్త ఆలస్యంగా వెళ్ళు. వదిన చేతిలోంచి ఫోన్ నువ్వు తీసుకుని, వాళ్ళిద్దరినీ కలిపి ఒక వీడియో తీసి నాకు పంపు. హాసిని అలా చూసేటప్పుడు వదిన మొహం ఎలా ఉంటుందో నేను కూడా చూడాలి.

నీ చెల్లెలు
పద్మ