ఇంట్లో మాట్లాడే భాష

సునీతా,

ఆదివారం మన డ్రోహెడా ఇంట్లో జనాభా లెక్కల ఫారం నింపాను. కరోనా వల్ల ఏడాది వాయిదా పడిన లెక్కలివి. అనుకున్నట్టు నిరుడే జరిగుంటే ముగ్గురమని రాసేవాణ్ణి. ఇద్దరమని రాశాను.

ఇంట్లో ఇంగ్లీషు, ఐరిష్ కాక వేరే భాష మాట్లాడతారా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. నువ్వు పోయాక నాకూ మేరీకీ మధ్య మాటలే తక్కువ. అవీ ఇంగ్లీషులోనే. అబద్ధం రాయడం దేనికని "లేదు" దగ్గర టిక్కు పెట్టబోయాను. పక్కనే కూర్చున్న మేరీ నా చెయ్యి పట్టుకుంది.

"యెస్ పెట్టు నాన్నా. నేను రోజూ అమ్మ ఫొటోతో తెలుగే మాట్లాడతా."

"ఏం మాట్లాడతావు?" అన్నాను.

"స్కూల్ సంగతులు. నీ సంగతులు కూడా."

"యెస్" దగ్గర టిక్కు పెట్టాను. ఏ భాషో రాయాల్సిన గడి చూపించి, పెన్ను దాని చేతికిచ్చాను.