తెల్లబండా? నీలంబండా?

సిరోంచ,
ఆదివారం

ఆగమ్మ అక్క కాళ్లకు తమ్ముడు గట్టయ్య శనార్తులు.

ఇక్కడ నేను, నీ మరదలు కనకవ్వ, రెండు బర్లు అందరం సల్లంగ ఉన్నం. గడ్చిరోల్ల నువ్వు, సిద్ధార్థ్, కోడలు మధులత సల్లంగుండాలె. నీ ఉత్తరం సోమవారం బస్సు డ్రైవరు తెచ్చిచ్చిండు. మధులత రాత మస్తు ముద్దుగుంది. మనోడు సిద్ధార్థ్ మరాఠీ బడిల సదివి తెలుగక్షరం రాకపాయె, నీకేమొ చెవులు దూరమాయె, ఫోన్ల నేనొకటంటె నువ్వొకటంటవు. మంచిర్యాల పిల్లను కోడలుగ తెచ్చుకున్నవు గనుక మన ముచ్చట ఇట్లన్న నడుస్తుంది.

నువ్వడిగినయన్ని ఒక్కటొక్కటి చెప్త. నీ నల్ల కోడిపెట్ట పదకొండు గుడ్ల మీద పొదుగుతుంది, దగ్గరికి పోతె పొడుస్తుంది. కనకవ్వ మోకాళ్ల నొప్పి తగ్గలే. ప్రాణహితల నీళ్లు తగ్గి ఇసుక తేలింది. అవతలి ఒడ్డుకు మిరపకాయ తెంపేతందుకు కూలి ఆడోళ్ల గుంపులు ఇంకో పదిహేను రోజులల్ల మొదలైతయ్.

ఇగ బండి సంగతి. పాతదాని ఇంజను పనైపోయింది. బండి మేస్త్రి చూసి, "గట్టన్నా, ఇగ దీనికి దండం పెట్టు" అన్నడు. రెండు పికప్‌లు చూసిన. రెండు డీజిలే, ధరల తేడా లేనట్టే. మంచిర్యాలల చూసినది తెల్లబండి. ఎత్తుగ ఉంటది, కింద బరువు మోసే కమాన్‌పట్టాలు దిట్టంగున్నయ్, అడివి తొవ్వల వాగులు దాటినా అడుగు తగలదు. తునికాకు మోసేతందుకు దానంత బండి లేదు. కాకపోతె అవతలి రాష్ట్రంల కొంటె మన ఎమ్మెచ్ ముప్పైమూడు నంబరు కోసం కాయిదాలు పట్టుకొని తిరిగి తిరిగి సచ్చుడే. చంద్రపూర్ల చూసినది నీలంబండి. జర కిందికి ఉంటది, కుదుపు తక్కువ, ముందట సీటు మెత్తగ. కనకవ్వ నా ఎంబడి రెండు దిక్కులకూ వచ్చి, "నన్ను చూసేతందుకు ఒక్కసారే వచ్చినవు, ఈ బండ్లను మాత్రం నాలుగుసార్లు చూస్తివి" అని ఒకటే నవ్వుడు.

నీలంబండిల వెనుకదంత చూపెట్టే టీవీ తెర ఒకటున్నది. షోరూం పోరడు రివర్స్ గేరేసి, "కాకా, వెనుక ఎవరున్నరో మీకు ఇక్కడ్నే కనవడ్తది" అన్నడు. ఆ మాటకు నేను తెర దిక్కు చూడలే. దిగి బయటికొచ్చిన. ఏమైందని కనకవ్వ అడిగితె ఏసీ పడలేదన్న.

తెల్లబండి వెనుక తొట్టికుండె డాలా పలక నా ఛాతి కాడికొచ్చింది. దాని ముందర నిలబడితె మన చిన్నప్పుడు కూలికి తీస్కపోయే కంట్రాక్టరు లారీ యాదికొచ్చింది. అవ్వ ముందే ఎక్కి తావు పట్టేది. నువ్వు నన్ను నడుముకెత్తుకొని, ఎక్కిన ఆడోళ్ల చేతులకు మూటనిచ్చినట్టు నన్నిచ్చేదానివి. వంతెన లేని రోజులు. పడవ దిగి లారీ కాడి దాక ఇసుకల నడుసుడు. నా కాళ్లు కాల్తున్నయని ఏడిస్తె నీ చెప్పులు నాకు తొడిగి నువ్వు ఉత్తకాళ్లతోని ఉరికేదానివి. ఆ చెప్పులు నాకు పెద్దగై టపటప అంటుంటె నువ్వు ముందట ఎగురుకుంట నవ్వేదానివి. అప్పుడు నీకు పన్నెండేండ్లుంటయేమొ. ఆ కాళ్లకు బొబ్బలచ్చినయా అక్కా? నేనెన్నడు అడగలే.

పెద్దగైనంక నేను డ్రైవర్నైన, నువ్వు కూలి గుంపుకు మేస్త్రివైనవు. గుంపులున్న ఆడోళ్లందరిని లెక్కవెట్టి ఎక్కిచ్చి, అందరికంటె ఆఖరుకు నువ్వెక్కి, డాలా మీద అరచేత్తోని ధన్ ధన్ అని రెండు దెబ్బలు కొడ్తవు. ఆ రెండు దెబ్బలు వినవడకుండ బండి కదలొద్దు. ఈ పద్ధతి పెట్టింది నువ్వే. పోయినేడు నువ్వు పడ్డనాటి దాక, పదిహేనేండ్లు ఒక్క మనిషికి గోరంత గీత పడలే.

మరి నీ ఉత్తరంల ఏం రాయించినవు? "ఆనాడు నేను ఎక్కకముందే దెబ్బలు కొట్టినట్టున్న తమ్మీ, నాకు మతి తప్పుతుంది, ఇగ మేస్త్రిపని మన గుంపుల ఉన్న భూదేవికి అప్పజెప్పు" అని. ఆ ముక్క సదివి నేను రెండు రోజులు సరిగ అన్నం తినలే.

మధులతా, బిడ్డా, ఇక్కడికెళ్లి ఒక్క ముక్క గూడ ఇడువకుండ మీ అత్తకు గట్టిగ సదివి వినిపియ్యి. సిద్ధార్థ్‌ను పక్కన కూసోబెట్టు.

అక్కా, నువ్వు కొట్టలే. నీ మతి నిమ్మళంగనే ఉంది. ఆనాడు రేగుంట చేన్ల పొద్దు గూకుతుంది. ఇంకో చేను పటేల్ ఫోన్ చేసి, "జల్ది రా, మిర్చి బస్తాలు ఇంకో బండిల ఎక్కిస్తున్నరు" అన్నడు. ఆ కిరాయి పోతదని నాకు పరేషాన్. అద్దంల చూసిన. నీ ఒక్క కాలు టైరు మీదుంది, ఇంకోటి నేల మీదనే ఉంది. ఎక్కుతది తియ్, అక్కకు అలవాటే గదా అనుకొని గేరేసిన. చూసి, చూసి గేరేసిన. నువ్వు పడ్డ సప్పుడు, ఆడోళ్ల మొత్తుకోళ్లు, అన్ని ఇన్న. ఉరికొచ్చి నిన్ను లేపకముందే నా నోట్లెకెళ్లి వచ్చిన మాట, "దెబ్బలు ఇన్న, అందుకే కదిలిచ్చిన" అని.

ఎవలు అడగకముందే అబద్ధమాడిన. దవాఖానల సిద్ధార్థ్ అడిగితె గూడ అదే చెప్పిన. తుంటి బొక్క ఇరిగి పండుకొని నువ్వు, "అయితె నేనే కొట్టి ఉంట, తమ్ముని తప్పు లేదు" అన్నవు. అప్పుడు నాకు పానం నిమ్మళమైంది. థూ, నా బతుకు!

గురువారం గుంపోళ్లను మా ఇంటికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పిన. కనకవ్వకు గూడ అప్పుడే తెలిసింది. ఆమె నాతోని మాట్లాడక ఇయ్యాల్టికి మూడొద్దులు. మొదట్ల అందరం సల్లంగ ఉన్నమని రాసిన, అది మాట వరసకు రాసిందే.

అందరు తిడ్తరనుకున్న. ఒక్కలు గూడ తిట్టలే. భూదేవి అన్నది: "మాకు ఆనాడే తెలుసు గట్టన్నా. మేము డాలాకు ఒరిగి కూసుంటం. ఆగమ్మ కొడితె మా వీపులు అదురుతయ్. ఆనాడు అదరలే."

"మరి ఎందుకు అనలేదే?" అన్న.

"తెల్లారి మళ్ల నీ బండే ఎక్కాలె గదా" అన్నది. కొంగుతోని మొఖం తుడుసుకుంట, "ఆగమ్మ మంచంల పడి మతి తప్పిందని ఏడుస్తుంటె మేము గూడ నోరు మూసుకున్నం, మా పాపం గూడ ఉన్నది" అన్నది.

పదిహేనేండ్లు వాళ్లను నేను మోస్తున్న అనుకున్న అక్కా. వాళ్లు నాకు భయపడి బతుకుతున్నరని ఈ గురువారం తెలిసింది.

గుంపు నీదే. భూదేవి పట్టుకోనంటె పట్టుకోనన్నది. నువ్వు చేను గట్టు మీద కూసోని లెక్కవెట్టినా సరే, మేస్త్రివి నువ్వే అని అందరు ఒక్కమాటగ అన్నరు.

షోరూమోళ్లు వచ్చే శుక్రవారం దాక ఆగుతమన్నరు. నిన్నటిదాక నీలంబండే కొందామనుకున్న, దాని డాలా కిందికుంది, నీ కాలుకు అల్కగ ఉంటదని. రాత్రి ఆలోచన చేస్తె సమజైంది. ఎత్తు బండి నిన్ను పడగొట్టలే.

తెల్లదా నీలందా అని నేను నిన్నడుగుత లేను అక్కా, అది ఏ డ్రైవరన్న చెప్తడు. ఆడోళ్లను ఎక్కిచ్చుకొని మళ్ల బండి నడిపేతందుకు నేను పనికొస్తనా? అది నువ్వొక్కదానివే చెప్పాలె. వద్దు అంటె ఆ ఒక్క మాటే రాయించు. ఏ బండీ కొనను, నిన్ను మళ్ల అడగను.

ఇట్లు,
నీ తమ్ముడు
గట్టయ్య