ఎకో లెక్క

మంగళవారం, వనస్థలిపురం

గొంతు ఆపరేషన్ తర్వాత సుగుణక్క పాడగా నేను రికార్డు చేసిన మొదటి పాట ఇది. నిన్న దానికి ఎకో కలిపి వినిపిస్తే అక్క ముఖం చిన్నబోయింది. "తాళం తప్పుతున్న చెల్లె. ఇగ నాతోని కాదు" అని లేచి వెళ్లిపోయింది. నేనూ గొంతే కారణమనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఈ రోజు ఎకో తీసేసి విన్నాను. అక్క ఎక్కడా తప్పలేదు. ఎకో ఎంతసేపటికి తిరిగి రావాలో లెక్క కట్టకుండా, నాకు తోచినంత పెట్టేశాను. పాట వేగం నిమిషానికి ఎనభై తాళం దెబ్బలు. నిమిషంలోని అరవై వేల మిల్లీసెకన్లను ఎనభైతో భాగిస్తే దెబ్బకు ఏడు వందల యాభై. ఎకో తిరిగొచ్చే సమయం అందులో సగం పెట్టగానే ఎకో తాళంలో పడింది.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క కుట్టుషాపుకు వెళ్లి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. రెండుసార్లు వింది.

"గిది నేనే పాడిన్నా?"

"నువ్వే అక్కా. నిన్న తప్పింది నా లెక్క."

అక్క హెడ్‌ఫోన్స్ తీసి కుట్టుమిషన్ పక్కన పెట్టింది. తర్వాత, "రెండో చరణం మల్ల పాడ్త. ఆడ జర ఊపిరి చాలలే" అంది.

డాక్టరు ఎక్కువ పాడొద్దన్నాడు. ఆ భయం నాకింకా ఉంది. కానీ అక్క మిషన్ మీద వంగి ఆ చరణమే మెల్లగా పాడుకుంటుంటే, వద్దనలేక గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.