చెక్క గేర్ నాబ్

శుక్రవారం, రాత్రి

కారు గేర్ నాబ్ పగిలిందని తమ్ముడు నన్ను హోట్గి రోడ్‌లోని విడిభాగాల దుకాణానికి తీసుకెళ్లాడు.

"అక్కా, ఎప్పుడూ ముందట కూసునేది నువ్వే. ఏది తీసుకుందమో నువ్వే చెప్పు."

స్టీలువి చల్లగా ఉన్నాయి. నాయిన మగ్గం పిడిలా అరచేతిలో ఇమిడిన చెక్కది తీశాను.

"ఇన్ని మెరిసేటియి ఉంటే నీకు చెక్కదే దొరికిందా?" అని నవ్వి, అదే బిగించుకున్నాడు.

తిరిగి వస్తుంటే కుంఠా నాకా చౌరస్తాలో మరదలు ఎక్కింది. "వదినా, మీరు లేవకుండ్రి, నేను వెనక కూసుంట" అన్నది. వాళ్ల పెళ్లయి ఇంకా నెల కాలేదు. నేనే దిగి వెనక కూర్చున్నాను.

అక్కడి నుంచి నాబ్ కనబడదు.

ఇంటికొచ్చాక దీపం దగ్గర వాళ్లిద్దరి కోసం మొక్కుకున్నాను. తర్వాత నా కోసం ఏం అడగాలో తోచక, వత్తి ఎగదోసి లేచాను.